సద్దుల నాడు వదిన అన్న మాట

బావా,

ఇది నీకు చేరదని తెలుసు. కానీ మీ అక్క సంగతి ఇంకెవరితో చెప్పుకోను?

నువ్వు పోయాక ఇంట్లో ఊపిరాడక, ఈ వేసవి సెలవుల్లో శ్రీలంక వెళ్లాను. అక్కడొక పల్లె బడిలో పిల్లలకు ఉచితంగా లెక్కలు చెప్పాను. ఇంతలో వాళ్ల వెసాక్ పండుగ వచ్చింది. బుద్ధుడి పేరున ఇంటింటా కాగితపు లాంతర్లు కడతారు. నాకు బస ఇచ్చిన ముసలమ్మ మొదటి దీపం నన్నే వెలిగించమంది. భర్త లేడని చెప్పి వెనక్కి తగ్గాను. "అయితే ఆయన్నే తలుచుకుని వెలిగించు" అంటూ అగ్గిపెట్టె నా చేతిలో పెట్టింది.

మొన్న మన నడిగూడెంలో సద్దుల బతుకమ్మ. ఏటా తంగేడు పూలు నువ్వే తెచ్చేవాడివి. ఈసారి నేనే కోసుకొచ్చి, పేర్చి, బతుకమ్మను ఎత్తుకుని బయల్దేరాను. గడప దగ్గర మీ అక్క అడ్డం నిలబడింది.

"నువ్వు ఎత్తొద్దే. సూసెటోళ్లు ఏమంటరు? జర దూరం కూసో."

నాకు ఒళ్లు మండింది. "నాకు మొగడు పోయిండు, నీకు తమ్ముడు పోయిండు వదినా. మరి నిన్నెవరన్న దూరం కూసోమన్నరా?"

ఆమెను దాటుకుని, నేను వెళ్లి బతుకమ్మను అందరి నడుమ పెట్టాను. ఇద్దరు ముగ్గురు తమవి తీసుకుని పక్క వీధికి పోయారు. పోనీ! మిగిలినవాళ్లు జరిగి చోటిచ్చారు. అరచేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టి ఆడాను.

ఆ రోజు నుంచి వదిన మాట్లాడటం లేదు. "పెద్దది, ఏదో అన్నది. నువ్వే పోయి పలకరియ్యి బిడ్డా" అంటోంది అత్తమ్మ.

నేను పోను బావా.