అదోమా మోసిన మాటలు

నవంబరు 3, 2009. ఉదయం 9

వాన లేదు.

రిటైరై నాలుగేళ్ళయింది. మాంపాంగ్ వాతావరణ కేంద్రంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు రోజూ తొమ్మిదింటికి వాన కొలిచి రాసిన చెయ్యి ఊరుకోమంటే ఊరుకోదు. కొలిచే గొట్టం లేదు గనుక ఇంట్లో సంగతులు రాస్తున్నాను.

కొన్నాళ్ళుగా సూప్‌లో కారం ఉండటం లేదు. అక్కతో అన్నాను. "వండేది నీ మేనకోడలు, దాన్నే అడుగు" అంది అబ్రాఫి అక్క. అడగలేదు. అక్క కూతురు బిరాగో ముఖం చూస్తే అడగబుద్ధి కాదు.

నవంబరు 5

పొద్దున్నే బిరాగో నా గదికి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. మామయ్యా, అసియామా వాళ్ళు పెళ్ళికిచ్చిన సారా సీసా వాళ్ళకి తిప్పి ఇచ్చెయ్, నాకింక అతను వద్దు అంది.

పన్నెండేళ్ళ కాపురం. అతను కొట్టడు, తాగి రాడు, ఇంకో ఆడదాని ఊసు లేదు. వడ్రంగం తప్ప వేరే ధ్యాస లేని మనిషి. మరి ఎందుకే అన్నాను.

జూన్‌లో బిరాగోకి మగబిడ్డ పుట్టాడు. ఊపిరి లేకుండా పుట్టాడు. ఆ రోజు తర్వాత అసియామా మా గుమ్మం తొక్కలేదు, ఇది వాళ్ళింటికి పోలేదు. రోజూ అతనికి అన్నం మాత్రం వెళుతోంది. అన్నం తెచ్చిన అదోమా చేత అతను కబురు పంపుతాడట. సూప్ బాగుందట. మిరపకాయ కాస్త తగ్గించమట. "ఐదు నెలలుగా మిరపకాయల గోలే మామయ్యా! పోయిన బిడ్డ మాట ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి లేదు. వాడికంటే మిరపకాయ ఎక్కువయింది మీ అల్లుడికి" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

కుటుంబానికి పెద్దవాణ్ణి నేను. రెండు వైపుల వాళ్ళనీ కూర్చోబెట్టి, అందరూ చూస్తుండగా వాళ్ళ సీసాకి సీసా చేతిలో పెడితే పెళ్ళి తెగిపోయినట్టే. ముప్ఫై ఏళ్ళ కిందట నా పెళ్ళీ అలాగే తెగింది. పది నిమిషాలు పట్టింది. ఆ రోజు నా కూతురు దుఫియె ఎక్కడుందో నాకు గుర్తు లేదు.

నవంబరు 6

ఈ ఊళ్ళో సగం సంసారాలు ఇలాంటివే. భార్య తన తల్లి ఇంట్లో, మొగుడు తన వాళ్ళింట్లో, పొద్దుగూకే వేళకి ఇద్దరి మధ్యా రోడ్డు మీద పిల్లల నెత్తిన అన్నం గిన్నెలు. మా ఇంటి గిన్నె మోసేది అదోమా. బిరాగో కూతురు, తొమ్మిదేళ్ళు. లారీ స్టేషన్ దాటి, పిండిమర పక్కనుంచి పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు గిన్నె ఖాళీగా, కడిగి తళతళలాడుతూ ఉంటుంది.

ఈ రాత్రి కూడా దానికి కడుపునొప్పి. నర్సు రెండుసార్లు నులిపురుగుల టాబ్లెట్లు ఇచ్చింది. తగ్గలేదు.

నవంబరు 9

అసియామా కొట్టుకి వెళ్ళాను. మూతికి గుడ్డ కట్టుకుని చెక్క చిత్రిక పడుతున్నాడు. మనిషి సగమయ్యాడు. స్టూలు తుడిచి వేశాడు. ఆదివారం మీ పెద్దల్ని తీసుకురా నాయనా అన్నాను. ఎందుకో చెప్పక్కర్లేకపోయింది.

ఏమైనా చెప్పుకుంటావా అన్నాను. చెక్క మీది పొట్టు చేత్తో దులిపాడు. "మామయ్యగారూ, రోజూ నా దగ్గు ఎలా ఉందని కబురు చేస్తుంది. పొట్టు పీల్చకుండా గుడ్డ కట్టుకోమంటుంది. కట్టుకున్నాను. కానీ వాణ్ణి గురించి అడగదు. వాడు నా కొడుకు కాదా?" అన్నాడు.

ఇద్దరిదీ ఒకే ఫిర్యాదు. దారంతా అదే ఆలోచిస్తూ వచ్చాను.

నవంబరు 11

ఎడారి గాలి ముందే దిగేలా ఉంది. పెదాలు పగిలాయి.

నవంబరు 15, ఆదివారం. సాయంత్రం 4

ఇప్పుడే అందరూ వెళ్ళారు. ఉన్నదున్నట్టు రాయాలి.

చర్చి అయ్యాక వచ్చారు. అసియామా, వాళ్ళ మామ బోఆతెన్, మరో నలుగురు. నేలతల్లికి సారా చుక్కలు పోసి మొదలుపెట్టాం. సీసా నా పాదాల దగ్గర ఉంది. అదోమా వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చి వంటింటి గోడకి ఆనుకుని నిలబడింది. పిల్లల్ని పంపేయమని ఎవరో అన్నారు. ఎవరూ పంపలేదు.

బిరాగో తన మిరపకాయల మాట చెప్పింది. అసియామా తలెత్తి, ఏ మిరపకాయలు అన్నాడు. నాటకాలొద్దు, రోజూ కబురు పంపేవాడివి కాదా అంది బిరాగో. నేనా? ఆ సూప్ ముట్టుకుంటే కదా కబురు పంపడానికి! జూన్ నుంచి ఒక్క ముద్ద నా గొంతు దిగలేదు, బజార్లో మొక్కజొన్న కెంకే ముద్దలు కొనుక్కుని బతుకుతున్నాను అన్నాడు. పోనీ నువ్వు నా దగ్గు గురించి అడిగేదానివి కదా, దానికేం చెబుతావ్ అన్నాడు. "నీకు దగ్గుందని ఇప్పుడే వింటున్నాను" అంది బిరాగో.

బోఆతెన్ చేయెత్తి అందరినీ ఆపాడు. "గిన్నెలు ఖాళీగా వచ్చేవి కదమ్మా?" అని అడిగాడు. "నాకినట్టు వచ్చేవి" అంది అబ్రాఫి అక్క.

అందరి తలలూ ఒక్కొక్కటే వంటింటి గోడ వైపు తిరిగాయి.

అదోమా పారిపోలేదు. ఇలా రామ్మా అన్నాను. వచ్చి నా ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది, స్కూల్లో పాఠం అప్పజెప్పేటప్పుడు నిలబడినట్టు. "నాన్న ఆకలి లేదు, తీసుకుపో అనేవాడు తాతా. నిండు గిన్నె చూస్తే అమ్మ వండటం మానేస్తుంది. వండకపోతే నాకు అక్కడికి వెళ్ళే పని ఉండదు. నేను వెళ్ళకపోతే ఇంక ఎవ్వరూ వెళ్ళరు" అంది.

మరి అన్నం ఏం చేశావ్ అన్నాను. పిండిమర వెనక కూర్చుని తినేదట. ఇంట్లో తన అన్నం తిన్న తర్వాత, ఆ పెద్ద మగవాడి అన్నం కూడా. చేపముక్క కుక్కకి వేసేదట. "ఫూఫూ ముద్ద దానికి పెట్టినా తినదు తాతా. అది నేనే తినాల్సొచ్చేది." రెండుసార్లు కక్కుకుందట. గిన్నె కడిగి, దారిలో కబురు తయారు చేసుకునేదట.

కబురులో మిరపకాయ ఎందుకు పెట్టావే అని అడిగాడు బోఆతెన్. అన్నీ మంచి మాటలే చెబితే అమ్మ నమ్మదు కదా, నాన్న ఎప్పుడూ ఏదో ఒక వంక పెడతాడు అంది. ఎవరో ఆడవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది.

ఐదు నెలలు. రోజుకి రెండు కబుర్లు. తల్లి గొంతులో ఒకటి, తండ్రి గొంతులో ఒకటి. వాళ్ళ మొండితనాలు, వాళ్ళ వంకలు, వాళ్ళకి ఒకరి మీద ఒకరికి ఉండాల్సిన దిగులు, ఏదీ తప్పకుండా. రెండు కుటుంబాల పెద్దలం పదకొండు మందిమి కలిసి విడదీయడానికి కూర్చున్న పెళ్ళిని ఇది ఒక్కతే నెత్తిన పెట్టుకుని లారీ స్టేషన్ దాటించింది, రోజూ. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆకాశం చూశాను. ఇనప రేకుల్ని ఆకుల్లా లేపుకుపోయిన గాలులు చూశాను. ఇంత పెద్దది ఎప్పుడూ చూడలేదు.

మరి తమ్ముడి గురించి ఏమీ చెప్పలేదేమే ఇద్దరికీ అని అడిగింది బిరాగో. మెల్లిగానే అడిగింది.

అదోమా అప్పుడు తల దించుకుంది. "అది ఎలా చెప్పాలో తెలియలేదమ్మా. మీరిద్దరూ ఏమంటారో ఎంత ఆలోచించినా రాలేదు. అదొక్కటి మాత్రం కల్పించలేకపోయాను."

బోఆతెన్ వెంట వచ్చిన ఒకాయన, ఇంత వయసుకే ఇన్ని అబద్ధాలు, నాలుగు తగిలించాలి అన్నాడు. బోఆతెన్ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, నువ్వు కూర్చో, దీని ముందు మాట్లాడే అర్హత మనకి లేదు అన్నాడు.

నాకు అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. జూన్‌లో ఏడవొద్దన్నది నేను. ఎనిమిది రోజులు నిండకుండా పోయిన బిడ్డ మనిషి కాదు, వచ్చి తొంగిచూసి పోయిన దయ్యం. ఏడిస్తే మళ్ళీ వస్తుంది. పండగ రోజులా తెల్లబట్ట కట్టుకోండి, వేరుశనగ సూప్ తాగండి, వాడి ఊసెత్తకండి. మా పెద్దలు చెప్పినదే చెప్పాను. ఇద్దరూ బుద్ధిగా విన్నారు. నేను మూయించిన నోళ్ళవి. అందుకే ఒకరు మిరపకాయల గురించీ ఒకరు దగ్గు గురించీ వినాల్సొచ్చింది, అవీ తొమ్మిదేళ్ళ పిల్ల నోట.

లేచి నిలబడి అందరి ముందూ ఈ మాట అన్నాను. తప్పు నాది అన్నాను. సీసా తీసి నా పెట్టెలో పెట్టాను. ఇవాళ ఇవ్వను, ఎప్పుడిస్తానో చెప్పను అన్నాను.

అసియామా ఒక్కడే కదల్లేదు. కూతురి వైపు చూస్తూ కూర్చున్నాడు. బోఆతెన్ భుజం పట్టి లేపాల్సొచ్చింది.

నవంబరు 16

వాన లేదు. బిరాగో వండలేదు. ఎవరూ వండమనలేదు.

నవంబరు 19. కుమాసి నుంచి వచ్చాక

బస్సెక్కి దుఫియె దగ్గరికి వెళ్ళాను. టైలరింగ్ షాపులో జాకెట్టు కత్తిరిస్తోంది. పండగా కాదు చావూ కాదు, ఏమిటి నాన్నా అంది. కూర్చుని అడిగాను. నేనూ మీ అమ్మా విడిపోయినప్పుడు నువ్వేం చేశావమ్మా అని.

కత్తెర ఆపలేదు. "మూడో క్లాసులో నువ్వొకసారి స్కూలు గేటు దగ్గరికి బిస్కెట్లు తెచ్చావు. నా పక్కన ఫ్రెండ్స్ ఉన్నారు. నిన్ను మామయ్యా అని పిలిచాను. గుర్తుందా?" అంది.

గుర్తుంది. తమాషాకి అంటోందనుకుని నవ్వాను.

మా నాన్న చచ్చిపోయాడని వాళ్ళకి అప్పటికే చెప్పేశాను అంది. ఉండీ రాడంటే ఎందుకు రాడని అడుగుతారు, చచ్చిపోయాడంటే ఎవరూ ఏమీ అడగరు అంది. ఆరో క్లాసు దాకా నేను చచ్చే ఉన్నానట. ఇన్నాళ్ళూ చెప్పలేదేమ్మా అంటే, నువ్వు ఇవాళే కదా అడిగావు అంది.

తర్వాత షాపు మూసి నాకు భోజనం పెట్టింది. చేపల్లో పెద్దముక్క నా పళ్ళెంలో వేసింది. ఎనిమిదేళ్ళప్పుడు నన్ను పాతిపెట్టిన చెయ్యి అది. ఏ మనసుతో వడ్డించిందో నాకు తెలియదు. తలొంచుకుని తిన్నాను.

నవంబరు 22

అసియామా పొద్దున్నే వచ్చాడు. ఐదు నెలల తర్వాత మా గుమ్మంలో. లోపలికి రాకుండా, వాణ్ణి ఎక్కడ పెట్టారో నాకెవరూ చూపించలేదు మామయ్యగారూ అన్నాడు. బిరాగోకీ తెలియదు. ముసలమ్మలు తీసుకెళ్ళారు. అక్కకి తెలుసు.

బుధవారం వెళదాం అన్నాను. వాడు బుధవారం పుట్టాడు.

నవంబరు 25, బుధవారం

ఊరి చివర, వెదురు పొదల వెనక. అక్క చోటు చూపించి పక్కకి తప్పుకుంది. రాయి లేదు, గుర్తు లేదు. గడ్డి మొలిచింది.

అసియామా మోకాళ్ళ మీద కూలబడి, వాడి చేతివేళ్ళు నావే, చూశావా అన్నాడు. చూశాను, బొటనవేలు పక్కకి తిరిగి ఉంది అంది బిరాగో. ఇద్దరూ చూశారు. ఇద్దరూ ఇన్నాళ్ళూ ఆ వేళ్ళు మోస్తూనే ఉన్నారు. బిరాగో అరిచిన అరుపు మా ఊళ్ళో ఇలాంటి బిడ్డకోసం ఎవరూ అరిచి ఉండరు. నేను ఆపలేదు. మా పెద్దలు నన్ను క్షమించినా సరే, లేకున్నా సరే.

బిడ్డకి పేరు పెట్టేది తండ్రి. అసియామా పెట్టాడు. నేలకి దగ్గరగా వంగి చెప్పాడు. నాకు వినబడింది, కానీ ఇక్కడ రాయను. అది వాళ్ళది.

అదోమా వెదురు పొదల దగ్గర నిలబడి, నోరు కొంచెం తెరుచుకుని, వాళ్ళిద్దరి మాటలూ వింటోంది. ఒక్కొక్క మాటే. తను కల్పించని మాటలు.

అసియామా మాతోపాటే ఇంటికి వచ్చాడు. అత్తగారి వాకిట్లో అల్లుడు కూర్చుని తినడం వింతే. పక్కింటి పిల్లలు గోడెక్కి చూశారు. తినగలిగినంత తిన్నాడు. బిరాగో ఎదురుగా కూర్చుంది. అంతా బాగైపోయిందని రాయను. సీసా నా పెట్టెలోనే ఉంది. వెళ్ళేటప్పుడు రేపు కూడా వస్తానన్నాడు. కబురుగా కాదు. బిరాగో ముఖం చూసి అన్నాడు.

నవంబరు 27. ఉదయం 9

అదోమా నిన్న మధ్యాహ్నం పడుకుంది. ఇంకా లేవలేదు. నర్సు వచ్చి చూసింది. జ్వరం లేదు, ఏ జబ్బూ లేదు, నిద్ర అంతే అంది. చాపకి అటు తల్లి, ఇటు తండ్రి. ఫూఫూ దంచే రోలు అక్క పక్కింటికి మోయించింది. వాకిట్లో అందరం మునివేళ్ళ మీద నడుస్తున్నాం. బాల్‌పెన్ టిక్కుమంటుందని పెన్సిల్‌తో రాస్తున్నాను.