గుడ్డు పొయ్యి, డబ్బా పొయ్యి

నవంబరు 3, సోమవారం

మా అమ్మాయి మళ్ళీ ఆ ఫొటోలు పట్టుకొచ్చింది. రెండు పొయ్యిలు. రెండూ బొగ్గువే, రెండూ కోడిగుడ్డు ఆకారంలోనే ఉన్నాయి. మూత టోపీలా వెనక్కి తెరుచుకుంటుంది. కమాడో అంటారట. ఒకటి దళసరి సిరామిక్‌ది. రెండోది రెండు పొరల స్టీలు రేకు, వేడి బయటికి పోకుండా మధ్యలో ఏదో దట్టించారు. మొదటిదానికి గుడ్డు అని, రెండోదానికి డబ్బా అని పేర్లు పెట్టాను. పేరు పెడితే గానీ ఏదీ నా బుర్రకెక్కదు.

అమ్మాయి హోటల్లో ఆరు టేబుళ్ళు. వచ్చే నెల నుంచి బొగ్గు మీద నిదానంగా కాల్చిన కోడి అమ్ముతానంటోంది. పెద్ద కంపెనీవి కొనే తాహతు లేదు. ఈ రెండూ చేతికి అందేవే, ధరలో పెద్ద తేడా లేదు. ఏది కొనాలో నువ్వే చెప్పమ్మా, ఇరవై ఆరేళ్ళు పింగాణీ ఫ్యాక్టరీలో చేశావుగా అంటుంది. నేను చేసింది ప్లేట్లు కొట్టి చూడటం. కట్టెపుల్లతో అంచు మీద కొడితే మంచి ప్లేటు ఖంగుమంటుంది. పగులున్నది చచ్చు మోత మోగుతుంది. రోజుకి రెండు వేల ప్లేట్లు. నిప్పు సంగతి నాకేం తెలుసు.

తెలిసినవాడు బావ. మా అక్క మొగుడు. ఫ్యాక్టరీలో బట్టీ కాల్చేది ఆయనే. ఆయన వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంటే తన హోటల్‌కి ఇంక తిరుగుండదని అమ్మాయి ఆశ. కానీ ఆయన నిప్పు ముట్టుకుని ముప్పై ఒక్క ఏళ్ళు. ఎందుకో దానికి సగమే తెలుసు.

నవంబరు 4

బావ ఫోన్ ఎత్తలేదు. బతికిపోయాను.

నవంబరు 6, గురువారం

షాపుకి వెళ్ళాం. షాపతను మంచివాడే, నోరు మాత్రం క్షణం మూతపడదు. గుడ్డు తొంభై కిలోలట. ఒకసారి వేడెక్కితే కాసిని బొగ్గులతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలాగే ఉంటుందట. కానీ మొదటి రోజుల్లో మంట ఎగదోసినా, వేడి మీద చన్నీళ్ళు పడినా పగులుతుందట. డబ్బా ముప్పై అయిదు కిలోలు. చక్రాలున్నాయి, తోసుకుపోవచ్చు. త్వరగా వేడెక్కుతుంది, కాస్త అటూ ఇటూ అయినా ఏమీ కాదు. పైపూత లేచిపోతే మాత్రం తుప్పు పడుతుందని వాళ్ళే ఒప్పుకున్నారు.

నా హ్యాండ్‌బ్యాగులో ఆ కట్టెపుల్ల ఇంకా ఉంది. రిటైరయ్యాక కూడా పారేయబుద్ధి కాలేదు. గుడ్డు చుట్టూ తిరిగి నాలుగు వైపులా కొట్టాను. షాపతను నవ్వి, ఆంటీ, మీరు కొంటోంది పుచ్చకాయ కాదండీ అన్నాడు. మూతని బిగించే ఇనప పట్టీ కింద ఒకచోట చచ్చు మోత వచ్చింది. మళ్ళీ కొట్టాను. అదే మోత. టార్చి వేసి లోపల చూడమన్నాను. వెంట్రుకంత పగులు. అతని నోరు అప్పుడు మూతపడింది.

గోడౌన్‌లోంచి ఇంకోటి తెప్పించాడు. అది ఖంగుమంది. ఎంత బాగా మోగిందంటే, నడి షాపులో నాకు ఏడుపొచ్చింది. కొట్టుడు గది, పొడవాటి బల్ల, ఇటు నలుగురం అటు నలుగురం ఆడవాళ్ళం, చేతులు ప్లేట్ల మీద, నోళ్ళు ఊళ్ళో వాళ్ళ మీద. పగులు ప్లేటు వస్తే అందరం ఒక్కసారి ఆగిపోయేవాళ్ళం. అమ్మాయి నా భుజం పట్టుకుని, ఏమైందమ్మా అని అడిగింది. దుమ్ము పడిందన్నాను.

ఈ రేటు పదిహేనో తారీకు వరకేనట.

నవంబరు 8, శనివారం, మధ్యాహ్నం

ఆ మోత రెండు రోజులుగా చెవిలోంచి పోవడం లేదు.

మంట ఆపాక బట్టీ చల్లబడటానికి మూడు రోజులు పట్టేది. దాని ద్వారాన్ని ప్రతిసారీ రెండు వరసల ఇటుకలతో మూసేవాళ్ళు. బయట ఒక వరస, లోపల ఒక వరస, మధ్యలో మూరెడు ఖాళీ. బావ ఆ ఖాళీలో కుండ పెట్టేవాడు. కోడి, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి, ఉప్పు, మిరియాలు. అంతే. మూత చుట్టూ ఫ్యాక్టరీ తడిమట్టి మెత్తి, పొద్దున షిఫ్టు ఎక్కగానే లోపల పెట్టి ఇటుకలు పేర్చేసేవాడు. సాయంత్రం షిఫ్టు దిగేటప్పుడు తీసేవాడు. ఆయన తప్ప ఇంకెవరూ కుండ జోలికి పోకూడదు. ఇదంతా మేనేజరుకి తెలుసు. తెలియనట్టు ఉండేవాడు. ఆయన వాటా ఆయనకి వెళ్ళేది మరి.

పగులు ప్లేట్లలో తినేవాళ్ళం. పగుళ్ళలోంచి రసం కారి ఒళ్ళో పడేది. అక్క వెనక మెట్ల మీద కూర్చుని, ఎవరు ఎన్ని ఎముకలు చీకారో అందరి ముందూ చెప్పి పరువు తీసేది. ఎక్కువ ఎముకలు ఎప్పుడూ నావే. బావ చివర్లో తినేవాడు. అప్పటిదాకా బట్టీ గోడకి అరచెయ్యి ఆనించి నిలబడేవాడు, ఇంట్లో జ్వరంతో ఉన్న పిల్లని చూసినట్టు. ఇప్పుడు ఇంత వేడుంది అని ఒక అంకె చెప్పేవాడు. మీటరు చూస్తే దాదాపు అంతే ఉండేది.

అక్క పోయి నాలుగేళ్ళు. ఫ్యాక్టరీ మూసేసి పదకొండేళ్ళు. బట్టీ ఉన్నచోట ఇప్పుడు కార్లు కడుగుతారు. ఆ రోజులు ఒక్కపూట తిరిగొచ్చినా చాలు.

నవంబరు 9, ఆదివారం

బావ వచ్చాడు. అమ్మాయి ఫొటోలన్నీ ముందు పరిచింది. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. గుడ్డు గోడ మందం ఎంత అని అడిగాడు. గాలి తలుపులు ఎన్ని, కింద ఎంత తెరుచుకుంటుంది, పైన ఎంత తెరుచుకుంటుంది అని అడిగాడు. మాట్లాడుతున్నంతసేపూ వేళ్ళు గాలిలో ఏదో తిప్పుతున్నాయి. నలభై ఏళ్ళ మనిషిలా కనిపించాడు.

అసలైనది గుడ్డే, దాని వేడి నిలకడగా ఉంటుంది, మాంసం ఎండిపోదు అన్నాడు. అమ్మాయి అదను చూసి, అయితే మీరే వచ్చి కాల్చండి పెదనాన్నా, మీకు జీతం, నాకు ధైర్యం అంది.

ఫొటోలు సర్ది పక్కన పెట్టేశాడు. డబ్బా తీసుకోమన్నాడు. నాలాంటి మతిమరుపు వాడు కాల్చినా అది తట్టుకుంటుందమ్మా, గుడ్డు తట్టుకోదు, నా చేతిని నమ్మి ఫ్యాక్టరీవాళ్ళు బట్టీలో సరుకు పోగొట్టుకున్నారు, నీ డబ్బు కూడా ఎందుకు పోవాలి అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఇంట్లో గ్యాసు కట్టేశానో లేదో అని వీధి చివర నుంచి కూడా వెనక్కి వెళ్తాడట. వాళ్ళ కోడలు ఇంక వంటగదిలోకి రావద్దందట. అదీ నవ్వుతూనే చెప్పాడు.

నేను టీ గ్లాసులు తీసే వంకతో లోపలికి వచ్చేశాను.

నవంబరు 10, సోమవారం

ఎవరికీ చెప్పనిది రాస్తున్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి మాట. నాకు ఏడో నెల. అమ్మాయి కడుపులో ఉంది. ఆకలంటే అలాంటి ఇలాంటి ఆకలి కాదు, గోడకున్న సున్నం కూడా నోరూరించేది. మూడు గంటలప్పుడు బట్టీ పక్కనుంచి వెళ్తుంటే వాసన వచ్చింది. చుట్టూ ఎవరూ లేరు. గుడ్డ చుట్టుకుని బయటి ఇటుకలు నాలుగు తీశాను. కుండ కొంచెం లోపలికి ఉంది. పొట్ట అడ్డం. వంగి లాగాను. కుండ చెయ్యి జారి, వెనక్కి వెళ్ళి లోపలి వరసకి తగిలి, ఒక ఇటుక బట్టీలోకి జరిగిపోయింది. లోపల ఇంకా ఎర్రగా ఉంది. బయటి చల్లగాలి సర్రున లోపలికి పోయింది. ఆ చప్పుడు నాకు వినబడింది.

అప్పుడైనా భయపడి పారిపోయానా? లేదు. ముందు తొడ ముక్క తిన్నాను. తర్వాత ఇనప ఊచతో ఇటుకని వెనక్కి లాగి సరిచేశాను. మూతకి కొత్త మట్టి మెత్తాను. కుండ పెట్టి బయటి ఇటుకలు పేర్చాను. సాయంత్రం అందరితో కలిసి మళ్ళీ తిన్నాను.

బట్టీ తెరిచాక ఆ సరుకు నా బల్ల మీదికే వచ్చింది. ముందు వరసల్లోవి ఆరు వందల నలభై ప్లేట్లు. ఒక్కటీ మోగలేదు. ఆ పూటంతా నేనే కొట్టాను, నేనే రిజెక్టు ముద్ర వేశాను.

మేనేజరు అడిగితే, మంట ఆపాక గాలి తలుపు మూశానో లేదో గుర్తు లేదన్నాడు బావ. గుర్తెలా ఉంటుంది, రోజూ చేసే పని ఎవరికి గుర్తుంటుంది? ఆయన్ని బట్టీ నుంచి తీసి లోడింగు యార్డుకి పంపారు. బతిమాలితే వెనక్కి తీసుకునేవాళ్ళే. ఆయన బతిమాలలేదు. తన చేతిని తనే నమ్మలేదు.

పురుడయ్యాక చెబుదామనుకున్నాను. తర్వాత పిల్ల నడిచాక. తర్వాత అక్కకి ముందు చెప్పి ఆమె చేత చెప్పిద్దామనుకున్నాను. పిరికిదాన్ని. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

డబ్బా కొంటే, ఆయన మతిమరుపు నిజమేనని మేమందరం కలిసి సంతకం పెట్టినట్టు.

నవంబరు 12

అమ్మాయి డబ్బాకి అడ్వాన్సు కడతానంది. శనివారం దాకా ఆగమన్నాను.

నవంబరు 14, శుక్రవారం

చెప్పాను.

బావ ఇంటికి వెళ్ళి, ఆయన వాకిట్లో చెప్పు కుట్టుకుంటుంటే ఎదురుగా కూర్చుని చెప్పాను. ఎంత రిహార్సలు చేసుకున్నా నోట్లోంచి మొదట వచ్చింది తొడ ముక్క సంగతే. ఆయన సూది ఆపలేదు. అంతా విన్నాక, కింద నుంచి ఎన్నో వరస అని అడిగాడు. అయిదోది, ఎడమ పక్క అన్నాను. ఇటుక ఎంత జరిగింది అన్నాడు. బెత్తెడు అన్నాను. ఎంతసేపు తెరిచి ఉంది అన్నాడు. ముక్క తిన్నంతసేపు అన్నాను.

తలూపాడు. అయితే గాలి తలుపు మూశాను అన్నాడు. నన్ను కాదు, చెప్పుని చూస్తూ. కాసేపటికి మళ్ళీ అదే మాట అన్నాడు.

మీ అక్కకి తెలుసా అని అడిగాడు. తెలియదన్నాను. ఆమె నన్ను అజాగ్రత్త మనిషనే అనుకుని పోయింది కదా అన్నాడు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. చెప్పు, సూది అక్కడే ఉన్నాయి. అరగంట కూర్చున్నాను. తలుపు తియ్యలేదు. క్షమించమనడం కూడా మర్చిపోయి వచ్చేశాను.

నవంబరు 15, శనివారం

గుడ్డు కొన్నాను. నలుగురు మనుషులు మోసుకొచ్చి హోటల్ పెరట్లో పెట్టారు. అమ్మాయికి అంతా చెప్పేశాను. అది కాసేపు నన్ను ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూసింది. కడుపులో ఉన్న నా ఆకలికి పెదనాన్న బట్టీ పని పోయిందా అంది. నీది కాదు, నాది అన్నాను. కాల్చేవాడే లేనప్పుడు ఇంత బరువుది ఎందుకు కొన్నావని అరిచింది. గుడ్డు మీద గోనెపట్టా కప్పి వచ్చేశాను.

నవంబరు 18

బావ రాలేదు. వాళ్ళ కోడలు ఫోన్ చేసి, మామయ్య ఎవరితోనూ మాట్లాడటం లేదు, మీరేమైనా అన్నారా అని అడిగింది. గుడ్డు కొన్నామని మాత్రం ఆయనకి చెప్పమన్నాను.

నవంబరు 19

గుడ్డు మీద కప్పిన గోనెపట్టా గాలికి ఎగిరిపోతే మళ్ళీ కప్పాను. చెయ్యి తగిలితే చల్లగా ఉంది.

నవంబరు 21, శుక్రవారం, ఉదయం 7:10

బావ ఆరింటికే వచ్చాడట. నేను హోటల్‌కి వెళ్ళేసరికి పెరట్లో సన్నగా పొగ. పొయ్యికి మొదటి వేడి అలవాటు చేస్తున్నాడు. లోపల ఎలా ఉందో చూద్దామని మూత మీద చెయ్యి వేయబోయాను.

ఆ మనిషి అంత గట్టిగా అరవగలడని నాకు తెలియదు. తిండిపోతు మొహమా, దాని దరిదాపులకి వచ్చావంటే వేళ్ళు విరగ్గొడతానన్నాడు. ఆరు వందల నలభై ప్లేట్లు నాశనం చేశావే అన్నాడు. సిగ్గు లేదే నీకు అన్నాడు. అమ్మాయి గరిట పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళ తిట్లు. ఒక్కటీ మిగల్చడం లేదు.

గుమ్మంలో కూర్చుని రాస్తున్నాను. ఇంకా తిడుతూనే ఉన్నాడు. ఎంత హాయిగా ఉందో.