ఎర్రగుడ్డ చుట్టిన రాడ్డు

మంగళవారం, రాత్రి

సాలూరులో లారీ డ్రైవరు అప్పన్నను రాడ్డుతో కొట్టి చంపడం నా కళ్లతో చూశాను. చంపినవాళ్లు మా వీధివాళ్లే. కవిత రాశాను. కాలేజీ సభలో చదివితే చప్పట్లు కొట్టారు. ఈరోజు అప్పన్న భార్య ఆ కవిత అచ్చయిన పుస్తకం పట్టుకుని, నన్ను పోలీస్ స్టేషనుకు లాక్కెళ్లింది.

"రాడ్డుకి ఎర్రగుడ్డ సుట్టున్నాదని రాసినారు. సూడకపోతే ఎలాగ తెలిసింది బాబూ? సెప్పండి!"

"అదంతా కల్పనేనమ్మా" అన్నాను. ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన గొంతు, సిగ్గులేనిది, కాస్తయినా వణకలేదు.

ఆమె పుస్తకంతో నా మొహం మీద కొట్టింది. అట్ట అంచు తగిలి కనుబొమ్మ చిట్లింది. చొక్కా నిండా రక్తం.

కానిస్టేబులు గబుక్కున లేచాడు. "కేసెట్టండి మాస్టారూ! నాను కళ్లారా సూసినాను. సాక్ష్యం నాను సెప్తాను."