ఇంటివాళ్ళ ముందు పాడిన కథ

అన్నా,

ఎట్లా ఉన్నావని అడిగితే నవ్వుతావు. నువ్వు పోయి ఏడాది దాటింది. మళ్ళీ వానలు పడ్డాయి, మునగాలలో నాట్లు అయిపోయాయి. అమ్మకు చూపు ఇంకాస్త తగ్గింది. నోరు మాత్రం నీకు తెలిసిందే, ఏమీ తగ్గలేదు.

ఇన్నేళ్ళు దొర మనుషుల తుపాకులకు దొరకనివాడివి చలిజ్వరానికి దొరికావు. సూర్యాపేట దవాఖానాలో నీ పక్కన కూర్చున్నప్పుడు దుఃఖం కంటే ముందు కోపమే వచ్చింది నీ మీద. తడిసిన బట్టలతో తిరగొద్దంటే ఎప్పుడైనా విన్నావా?

నీ తంబుర నా దగ్గరే ఉంది. నీ ఎడమ పక్కన డక్కీ కొడుతూ వంత పాడినదాన్ని, ఇప్పుడు నడుమ నిలబడి కథ చెబుతున్నాను. కుడి పక్కన వంతగా నిలబడే మల్లయ్య బావ హాస్యం మానలేదు. మిలిటరీ వచ్చాక నలుగురిలో చెప్పే వీలు లేదు. తెలిసినవాళ్ళ ఇళ్ళలో తలుపు దగ్గరికేసుకుని, డక్కీలు పక్కన పెట్టి, గొంతు తగ్గించి చెబుతున్నాం. బుర్రకథను గుసగుసగా చెప్పేది లోకంలో మేమేనేమో…

జనం తరిమేసిన దొర మిలిటరీ అండతో మళ్ళీ గడీలోకి వచ్చాడు. నీ కథలోని సైదులు దోపిడీదొంగ అని ఆయన మనుషులు చెప్పిన మాటే సర్కారు కచేరీ కాగితాల్లోకి ఎక్కింది. దొర గాదెలు తెరిచి ఊరికి వడ్లు పంచినవాడు, మిర్యాలగూడ బాటలో తూటా తిని పడిపోయినవాడు, వాళ్ళ లెక్కలో దొంగ. మనవాళ్ళ దగ్గర కాగితాలు లేవు. నువ్వు కట్టిన కథ ఉంది. అందుకే జనం దాన్ని ప్రాణంలా చూసుకుంటున్నారు. నిన్ను తలచుకోకుండా ఎవరూ వినరు.

నీ పద్ధతి కూడా నేను వదల్లేదు. చనిపోయినవాళ్ళ మీద ఏ ముక్క కట్టినా ముందు వాళ్ళ ఇంట్లో పాడాలనేవాడివి. “ఇంటోళ్ళు ఇని, దిద్దినంకనే ఊరికి జెప్పాలె. మనం ఇన్నోళ్ళం, గాళ్ళు సూసినోళ్ళు.”

సైదులు ముక్క అనంతగిరిలో వాళ్ళమ్మ ముందు పాడిన రోజు గుర్తుందా? మావాడు పులిలా గర్జించడమేంటి, గట్టిగా మాట్లాడటమే రాదు వాడికి అని ఆమె అనగానే, నీకెంతో ఇష్టమైన ఆ చరణాన్ని అక్కడే తీసేశావు. నేనైతే ఏడ్చేదాన్ని. నువ్వు తల గోక్కుని, ఇంకోటి కట్టి, మళ్ళీ వినిపించావు. అన్నా, నిన్ను చూసి అంత గర్వపడింది ఆ రోజే. ఎప్పుడూ చెప్పలేదు కదూ…

ఒక్క ఇల్లు మిగిలిపోయింది. ఎల్లయ్య ఇల్లు.

పాలకీడు అవతలి పల్లెలో ఎల్లయ్య సుంకరి. దండోరా వేయడం, పటేలు పంపిన కబుర్లు మోయడం ఆయన పని. మనవాళ్ళు దాక్కున్న చోటికి పోలీసులు వస్తే, చెప్పింది ఎల్లయ్యేనని మనవాళ్ళే కొట్టి చంపారు. చెప్పింది ఇంకెవరో అని తర్వాత తెలిసింది. కొట్టిందెవరో మాత్రం ఎవరూ బయటికి చెప్పలేదు. నువ్వు ఆ చావును కథలో చేర్చావు. వద్దన్నవాళ్ళతో ఒకటే మాటన్నావు. “దొర జేసింది జెప్పి మనం జేసింది దాస్తే, ఇగ అది కథెట్లయితది? వకాల్తా అయితది.” ఆ ముక్క తీసుకుని ఎల్లయ్య ఇంటికి వెళ్ళేలోపే నిన్ను జ్వరం పట్టుకుంది.

ఆ ముక్క వదిలేద్దామన్నాడు మల్లయ్య బావ. ఆయన భయం ఉత్తదేం కాదు. అసలే దొంగలని ముద్ర వేశారు, మన తప్పు మనమే పాడితే కర్ర తీసి వాళ్ళ చేతికిచ్చినట్టు కాదా? కానీ నీ చెల్లెలిని, మొండితనంలో నీకేం తీసిపోను.

వెళ్ళేసరికి ఎల్లయ్య భార్య పుల్లమ్మ వడ్లు దంచుతోంది. ఎందుకొచ్చామో చెబితే రోకలి గోడకు ఆనించి కూర్చుంది. ఎల్లయ్య చేతులు జోడించి ఏడ్చాడని నువ్వు కట్టిన చోట నన్ను ఆపింది. ఆయన ఏడ్వలే బిడ్డా, అంది. దండోరా ఏసే గొంతు గద, కొట్టేటోళ్ళను పేరుపేరునా పిలిసిండు, ఇంట్ల ఉన్న నాకు ఇనవడ్డది, అంది. ఆ పేర్లన్నీ చెప్పింది.

చివరి పేరు సైదులుది.

నీకు తెలుసా అన్నా? తెలియదనే నా నమ్మకం. తెలిస్తే ఏం చేసేవాడివి?

సైదులును చెడ్డగ జెయ్యకు, ఆయన పంచిన వడ్లు మేం గూడ తిన్నం, అంది పుల్లమ్మ. కానీ ఆ పేరు లేకుంటే మా ఇంటి ముక్క పాడనే వద్దు, అంది. మళ్ళీ రోకలి అందుకుంది.

పేరు చేర్చాలంటే, నీ పద్ధతి ప్రకారం, సైదులు తల్లి కూడా వినాలి. కోదాడ దాకా బండి దొరికింది, అక్కణ్ణుంచి అనంతగిరికి నడిచాం. దారంతా బావ ఒక్క హాస్యమాడలేదు. చేరాక లోపలికి రానని వాకిట్లోనే కూర్చుండిపోయాడు. కొడుకును పోగొట్టుకున్న తల్లికి, నీ కొడుకు ఫలానా పని చేశాడని పాడి వినిపించాలి. నిన్ను ఎంత తిట్టుకున్నానో… అయినా పాడాను.

అవ్వ కొంగు మడతలు సవరించుకుంది. తర్వాత చెప్పింది. ఆ రోజు ఇంటికొచ్చి అంగీ తనే ఉతుక్కున్నాడు బిడ్డా. ఎన్నడూ ఉతికినోడు కాదు. నేను అడగలా. వాణ్ణి తీసుకొచ్చి వాకిట్లో పడుకోబెట్టిన రోజు దాకా అడగలా. వాడు మంచోడే. ఇది కూడా పాడు.

ఆ అంగీ మీద నాలుగు చరణాలు కట్టాను. నువ్వు లేకుండా నేను కట్టిన మొదటివి. లయ కుదిరిందో లేదో నాకు తెలియడం లేదు.

రేపు మిర్యాలగూడలో ఒక ఇంట్లో చెబుతున్నాం. వచ్చేవాళ్ళకు సైదులు దేవుడు. పేరు విన్నాక లేచిపోతారేమో, తంబుర లాక్కుంటారేమో. ఏం చేసినా ఆ చరణాలు పూర్తయ్యేదాకా నేను ఆపను. ఆ ఇంట్లో ఎల్లయ్య ఈసారి ఏడ్వడు అన్నా, కొట్టేవాళ్ళను పేరుపేరునా పిలుస్తాడు.

నీ చెల్లెలు
ముత్తమ్మ