మిగతా అంతా నార్మల్

జూన్ 3, సోమవారం

ఈ ఉదయం నాకిచ్చిన హెడ్‌ఫోన్ స్పాంజికి ఒక తెల్ల వెంట్రుక అంటుకుని ఉంది. పొడవుది. పారేయబోయి ఎందుకో నోట్‌బుక్కులో పెట్టాను. ఎవరిదో పది నిమిషాల్లో తెలిసింది. పక్క కుర్చీ ఆవిడది. నాకంటే వారం ముందు చేరింది. యాభై ఐదు దాటి ఉంటాయి. అందరూ టీచరమ్మ అంటున్నారు.

హాస్పిటల్ వెనక రికార్డుల గది. డాక్టర్లు పేషెంటును చూసి రికార్డర్లో గబగబా చెప్పేస్తారు. మేం విని టైప్ చేయాలి. ట్రెయినింగ్‌లో ఉన్నది ఇద్దరం. సీటు ఒకటే. జూలైలో ఒకరిని ఉంచుకుంటారు.

సూపర్‌వైజర్ మేడమ్ మొదటి మాటగానే చెప్పేసింది. ఈ గదిలో మాట్లాడేది డాక్టర్లు, వినేది మీరు, మధ్యలో మీ తెలివితేటలు ఎవరూ అడగలేదు అని.

నీది ఏ స్కూలమ్మా అని టీచరమ్మ అడిగింది. కాన్వెంట్ అన్నాను. ఏ కాన్వెంటో అడిగేలోపు హెడ్‌ఫోన్ పెట్టేసుకున్నాను.

జూన్ 5

ఎన్‌పీఓ అంటే నోటికి ఏమీ ఇవ్వకూడదు. బీఐడీ రోజుకు రెండుసార్లు, టీఐడీ మూడుసార్లు. మాట చివర ఎక్టమీ ఉంటే ఏదో కోసి తీసేశారు. ఐటిస్ ఉంటే ఏదో వాచింది. డబ్ల్యూఎన్‌ఎల్ అంటే అన్నీ ఉండాల్సిన హద్దుల్లోనే ఉన్నాయి.

ఎంత బాగుందో. మనిషి ఏడ్చి చెప్పిందంతా మూడు అక్షరాల్లో పట్టేస్తుంది.

ఇంట్లో కూడా ఇవే పెట్టి చూస్తున్నాను. పెద్దమ్మ ఫోన్లు టీఐడీ. అమ్మ నిట్టూర్పులు అవసరాన్ని బట్టి. సీటు రాకపోతే నేను పెద్దమ్మ ఇంటికి వెళ్ళాలి. పెద్దమ్మ అత్తగారు మంచం పట్టి రెండేళ్ళు. పక్కన ఒక మనిషి కావాలి. నోట్లో నాలుక లేని పిల్ల కదా, రోగి దగ్గరికి ఇంతకంటే ఎవరు పనికొస్తారు అని పెద్దమ్మ అందట. అమ్మ ఆ మాటను మెచ్చుకోలు లాగా నాకు చెప్పింది.

జూన్ 7, శుక్రవారం

ఇక్కడ శుక్రవారం టీ క్లాసు ఉంటుందని ఈరోజు తెలిసింది. టీ కప్పులు చేతికి రాగానే మేడమ్ ఆ వారం తప్పులన్నీ పైకి చదువుతుంది. అందరూ నవ్వాలి. చదివిన కాగితాన్ని బోర్డుకు ఎర్ర పిన్నుతో గుచ్చుతారు.

ఇంకో లెక్క ఉంది. వినబడని చోట బ్లాంక్ వదలాలి. సీనియర్ మళ్ళీ విని నింపుతుంది. అదీ రూలు. కానీ రోజుకు మూడు బ్లాంకులు దాటితే పేరు బోర్డు మీదికి ఎక్కుతుంది. అందుకని ఎవరూ బ్లాంకులు వదలరు. ఊహించి కొట్టేస్తారు. ఊహ కుదిరితే ఎవరికీ తెలియదు కదా.

టీచరమ్మ ఈ వారం పంతొమ్మిది బ్లాంకులు వదిలింది. మేడమ్ ఆ కాగితం ఎత్తి చూపించి, ఇది రిపోర్టా, ఖాళీలు పూరింపుమా అంది. ప్రింటర్ దగ్గర కూర్చునే అన్నయ్య టీ ముక్కులోకి పోయేలా నవ్వాడు. టీచరమ్మ కూడా నవ్వింది. వినబడనిది వినబడలేదనే కదండీ రాయాలి అంది. గది ఇంకా నవ్వింది.

నావి సున్నా. మేడమ్ నన్ను చూసి తల ఊపింది. మెడ వెనక వేడిగా అనిపించింది. బాగుంది.

జూన్ 11

ఎఫ్5 రహస్యం ప్రింటర్ అన్నయ్య చెప్పాడు. రోజూ చెప్పేవే కాబట్టి డాక్టర్లు అన్నీ చెప్పరు. రెస్ట్ నార్మల్, అంటే మిగతా అంతా నార్మల్ అనేసి ముగిస్తారు. అప్పుడు ఎఫ్5 నొక్కితే చాలు. గుండె, ఊపిరితిత్తులు, పొట్ట, రెండు చేతులు, రెండు కాళ్ళు, పాదాల్లో నాడి, నడక, అన్నీ బాగున్నాయని పన్నెండు లైన్లు వాటంతటవే పడిపోతాయి. నీ జీతంలో సగం ఆ మీటకే ఇవ్వాలమ్మాయ్ అన్నాడు.

టీచరమ్మ ఎఫ్5 వాడదు. పన్నెండు లైన్లూ ఒక్కొక్కటి చదివి కొడుతుంది. అందుకే వెనకబడుతుంది.

జూన్ 14, శుక్రవారం

టీచరమ్మ పేరు మళ్ళీ బోర్డు మీద. మధ్యాహ్నం డబ్బా తెరిచి నాకో అరటిపండు ఇచ్చింది. తీసుకున్నాను. థాంక్స్ చెప్పడం మర్చిపోయాను. మర్చిపోలేదు. నోరు రాలేదు.

జూన్ 19, బుధవారం

టీచరమ్మ ఈరోజు మధ్యాహ్నం బయటికి వెళ్ళింది. కంటి డాక్టర్ దగ్గరికి. కుడి కంట్లో పొర వస్తోందట. ఇక్కడ తెలిస్తే ఈ నిమిషమే ఇంటికి పంపేస్తారమ్మా, నీకొక్కదానికే చెబుతున్నాను అంది. తన పాస్‌వర్డ్ చిన్న చీటీ మీద రాసిచ్చింది. అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి. మిగిలిన పదకొండు ఫైళ్ళు తన పేరు మీద నన్ను కొట్టమంది. వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చి, అర్థం కానిచోట బ్లాంక్ వదిలెయ్యమ్మా, పేరు నాదే కదా, బోర్డు నాకు అలవాటే అంది.

పది తేలిగ్గా అయిపోయాయి. మిగిలిన ఒకదాని మొదట్లో డాక్టర్ మాట్లాడుతుండగా ట్రాలీ ఏదో దడదడలాడుతూ పోయింది. నాలుగు సెకన్లు. లెఫ్ట్ అన్నది వినబడింది, ఆ తర్వాత అంతా చప్పుడే. మూడుసార్లు విన్నాను. తర్వాత ఒక మందు, బీఐడీ, ఐదు రోజులు. ఆ తర్వాత రెస్ట్ నార్మల్.

బ్లాంక్ వదలొచ్చు. వదలమంది కూడా. కానీ చెయ్యి ఒప్పుకోలేదు. ఆ మందు నొప్పులకిచ్చేది. కాబట్టి ఎడమ కాలు నొప్పి అని కొట్టాను. ఎఫ్5 నొక్కాను. ఐదింటికి ముందే అయిపోయింది.

జూన్ 20

నిన్న టీచరమ్మ పేరు మీద ఒక్క బ్లాంక్ లేదు. మేడమ్ మొదటిసారి ఆవిడను మెచ్చుకుంది. ఆవిడ మాత్రం నన్నే చూసింది.

జూలై 2, మంగళవారం

కౌంటర్ దగ్గరికి ఒకాయన వచ్చాడు. చంకల కింద కర్రలు. ఎడమ పాంటు మోకాలి కింద మడిచి పిన్నీసు పెట్టి ఉంది. వెంట భార్య. ఆవిడే మాట్లాడింది.

నాలుగేళ్ళ కిందట కాలు తీసేశారు. కృత్రిమ కాళ్ళు ఇచ్చేచోట పేరు రాయించుకున్నారు. మొన్న వీళ్ళ వంతు వచ్చింది. అక్కడివాళ్ళు మా రిపోర్టు చూసి, రెండు పాదాల్లోనూ నాడి బాగా కొట్టుకుంటోంది, నడక సాధారణం అని ఉంది, ఇంక కాలెందుకు అన్నారట. ఎదురుగా మనిషి కర్రల మీద నిలబడి ఉన్నాడు కదండీ అంటే, మాకు కాగితమే లెక్క అన్నారట. వంతు పోయింది. మళ్ళీ ఏడు నెలలు.

ఆవిడ అరవలేదు. రిపోర్టును కౌంటర్ మీద సాపు చేసి, ఆ రెండో పాదం మీ దగ్గరేమైనా ఉండిపోయిందేమో చూడండి తల్లీ, ఉంటే పట్టుకుపోతాం అంది.

కింద తేదీ చూశాను. జూన్ 19. టైప్ చేసినవారి పేరు చూశాను. నాది కాదు.

ట్రాలీ పోయినంతసేపూ డాక్టర్ చెప్పింది అదే. కాలు లేదని. బీకేఏ. మోకాలి కింద తీసేశారు అనడానికి మూడే అక్షరాలు. నోట్‌బుక్కు నాలుగో పేజీలో నేనే రాసుకున్నాను, కింద గీత గీసి.

జూలై 5, శుక్రవారం, సాయంత్రం 4

టీ క్లాసు.

మేడమ్ నటించి మరీ చదివింది. ఎడమ కాలు నొప్పి. రెండు పాదాల్లోనూ నాడి బాగుంది. నడక సాధారణం. ఆగి, అమ్మా, ఈ కాలు ఎక్కడ నొప్పెడుతోంది, బీరువాలోనా అంది. గది గదంతా పగలబడి నవ్వింది. ప్రింటర్ అన్నయ్య ఒంటికాలి మీద గెంతి చూపించాడు.

నేనూ నవ్వాను. అందరితో పాటు, అందరంత.

టీచరమ్మ నవ్వలేదు. ఇది మీరే కొట్టారా అని మేడమ్ అడిగింది. ఆవిడ కాగితాన్ని కళ్ళకు బాగా దగ్గరగా పెట్టుకుని మొత్తం చదివింది. చాలాసేపు పట్టింది. ఆ సేపంతా నేను కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. నా పేరు మీదే ఉంది కదండీ అంది చివరికి. కొట్టాను అనలేదు.

పాస్‌వర్డ్ ఇచ్చిందని తెలిస్తే ఇద్దరికీ సీటు పోతుంది. అది ఆవిడకు తెలుసు. నాకూ తెలుసు.

సాయంత్రం 6

మేడమ్ నన్ను లోపలికి పిలిచింది. పక్కనే కూర్చుంటావు కదా, ఆవిడకి అసలు పని వస్తుందా, ఒళ్ళు దగ్గర పెట్టుకునే చేస్తుందా, దాచకుండా చెప్పు అంది.

ఆవిడే కొట్టిందని అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేదు. ఏమీ చెప్పకపోతే చాలు. మౌనం నాకు వచ్చిన ఒకే విద్య. కాన్వెంట్‌లో దానికి ప్రైజ్ కూడా ఇచ్చారు.

కానీ నోరు తెరిచాను. ఆవిడకి కుడి కన్ను సరిగా కనబడదండీ అన్నాను.

ఒక్క మాటా అబద్ధం కాదు.

మేడమ్ నిట్టూర్చి, నువ్వింత స్పష్టంగా మాట్లాడటం ఇదే మొదటిసారి అంది.

జూలై 6, శనివారం

టీచరమ్మను పంపేశారు. డ్రాయర్ ఖాళీ చేయడానికి ఆవిడకు ఒక పాలిథీన్ సంచీ ఇచ్చారు. డబ్బా, కళ్ళజోడు గుడ్డ, సగం అయిన నోట్‌బుక్కు. ఎవరూ టైప్ ఆపలేదు. తల ఎత్తితే బ్లాంక్ పడుతుంది కదా.

నా కుర్చీ వెనక ఆగింది. హెడ్‌ఫోన్ ఉంది, లోపల ఏమీ నడవడం లేదు. అంతా వినబడింది.

బ్లాంక్ వదలమన్నాను కదమ్మా అంది.

కోపంగా అన్నా బాగుండేది. నాకు వినబడనట్టే వేళ్ళు ఆడించాను. స్క్రీన్ మీద ఏం పడిందో తర్వాత చూశాను. అక్షరాలు. మాటలు కావు.

ఆవిడ మెట్లు దిగడం కూడా వినబడింది. ఒక్కో మెట్టు తడుముకుంటూ.

జూలై 9

కర్రలాయన రిపోర్టు సరిచేయమని నాకే ఇచ్చారు. మేడమ్ పక్కనే నిలబడి, జాగ్రత్త, ఇది నువ్వైతేనే పొరపాటు రాదు అంది.

ఎఫ్5 వాడలేదు. పన్నెండు లైన్లూ చేత్తో కొట్టాను. ఎడమ పాదం లేదు అని కొట్టేటప్పుడు వేలు ఆగలేదు. కింద నా పేరు పడింది. నీట్‌గా ఉంది రిపోర్టు.

భార్య వచ్చి తీసుకెళ్ళింది. వంతు ఏడు నెలల తర్వాతే. అయినా నాకు దండం పెట్టింది. మీరైనా సరిగ్గా రాశారు తల్లీ అంది.

జూలై 12, శుక్రవారం

టీ క్లాసులో నవ్వడానికి ఏమీ దొరకలేదు. కొత్త ట్రెయినీ వచ్చేదాకా ఇంతే అన్నాడు ప్రింటర్ అన్నయ్య.

జూలై 15, సోమవారం

సీటు నాకే. అమ్మ పెద్దమ్మకు ఫోన్ చేసి, మా పిల్లని ఇంక మీరు అడగొద్దు అంది. అంత గొంతు అమ్మకి ఉందని నాకు తెలియదు.

నోట్‌బుక్కులో తెల్ల వెంట్రుక ఇంకా ఉంది.

మూడో తరగతిలో నాకు డిక్టేషన్ చెప్పింది టీచరమ్మే. రాని మాట దగ్గర ఖాళీ వదిలితే ఏమీ అనేది కాదు. ఊహించి రాసినవాళ్ళకే స్కేలు దెబ్బ.