ఆగనంటున్న సర్వర్

వన్‌టౌన్, విశాఖపట్నం
ఆగస్టు 6

ప్రియమైన ఆసిమ్ గారికి,

సలాం. ఓడ మీద మెయిల్ రెండు మూడు రోజులకోసారే అందుతుందని తెలుసు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను. మీరు స్టూడియో వెనక గదిలో ఫోటోలు దాచడానికి పెట్టి వెళ్లిన సర్వర్ ఆగడం లేదు. షట్‌డౌన్ నొక్కితే తెర మీద చుక్కలు గంటసేపు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. నిన్న విసిగిపోయి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశాను. ఈ పొద్దున చూస్తే అబ్బాజాన్ అన్నేళ్లు తీసిన ఫోటోల్లో కొన్ని తెరుచుకోవడం లేదు.

మల్కాపురంలో కంప్యూటర్లు బాగుచేసే గవర్రాజు గారికి ఫోన్ చేశాను. వైరస్ అయి ఉంటుంది, పెద్ద యాంటీవైరస్ ఏదైనా కొనమన్నారు. ఏది కొనాలి?

నా తొందర దాని గురించి కాదు. జాలరిపేట సన్యాసమ్మ వచ్చింది. కొడుకు చంటి ఒక్కడే మోటారు తెప్ప మీద వేటకెళ్లి నాలుగు రోజులైంది, తిరిగి రాలేదు. తీరం వెంట వెతికేవాళ్లకి చూపించడానికి ఫోటో కావాలి. ఉన్నవన్నీ చంటి ఫోన్‌లోనే ఉండిపోయాయి. మన దగ్గర తీయించుకున్నది ఒక్కటుంది. అదీ తెరుచుకోనివాటిలోనే.

వెంటనే రాయండి.

మీ నర్గీస్

*

ఓడ మీది నుంచి
ఆగస్టు 8

ప్రియమైన నర్గీస్,

ఇంకెప్పుడూ అలా బటన్ నొక్కిపట్టి ఆపకు. రాస్తున్న ఫైలు మధ్యలో తెగిపోతుంది. ముందు అందులో ఎన్ని యాంటీవైరస్‌లున్నాయో చూడు. రెండుంటే రెండూ ఒకే ఫైలు పట్టుకుని కూర్చుంటాయి, మిషన్ ఆగలేదు. ఒకటి తీసెయ్. కొత్తది కొనక్కర్లేదు. పేరు పెద్దదా అని కాదు, రోజూ అప్‌డేట్ అవుతోందా, మనం పని చేయని వేళ స్కాన్ చేసేలా పెట్టుకోవచ్చా, అది చూసుకుంటే చాలు. మిషన్‌తో వచ్చినదానికి ఆ రెండూ ఉన్నాయి.

తర్వాత ఫుల్ స్కాన్ పెట్టు. అది పూర్తయ్యేదాకా ఒక్క ఫోటో కూడా బయటి డిస్క్‌లోకి కాపీ చేయొద్దు. వైరస్ దాంట్లోకీ పాకితే మనకేమీ మిగలదు. అబ్బాజాన్‌కి ఈ సంగతి చెప్పకు.

ఇంజిన్ రూమ్‌లో ఉన్నా ధ్యాసంతా అక్కడే ఉంది.

నీ ఆసిమ్

*

వన్‌టౌన్
ఆగస్టు 11

ప్రియమైన ఆసిమ్ గారికి,

నిజంగానే రెండున్నాయి. రెండోది నేను పెట్టలేదు. అబ్బాజాన్‌కి చూపు పోయి మూడేళ్లయింది. మరి ఈ ఇంట్లో ఇంకెవరు పెట్టారు? ఎవరో లోపలికొచ్చి వెళ్లారనిపించి తలుపులన్నీ గడియ వేశాను. దాన్ని తీసేశాను. చిన్న స్కాన్ చేస్తే ఏమీ దొరకలేదు. షట్‌డౌన్ నొక్కాను. చుక్కలు మళ్లీ అలాగే తిరిగాయి.

మీరు చెప్పొద్దన్నా అబ్బాజాన్‌కి తెలిసిపోయింది. గోడ పట్టుకుని వచ్చి, సర్వర్ పక్కన కూర్చుని చాలాసేపు విన్నారు. "టిక్కుమంటోంది, విను బేటీ. షట్టర్ అరిగిపోయే ముందు కెమెరా కూడా ఇట్లాగే అంటది. దీని రోగం బయట్నుంచి రాలేదు," అన్నారు.

అదే నిజమైతే, లోపలి డిస్క్ ఫుల్ స్కాన్ తట్టుకుంటుందా? ఉన్న ఫోటోలన్నీ చదవాలి కదా. ముందు కాపీ చేయమంటారా, స్కాన్ చేయమంటారా? సన్యాసమ్మ రోజూ చేపలమ్ముకుని వచ్చి మెట్టు మీద కూర్చుంటోంది.

మీ నర్గీస్

*

ఓడ మీది నుంచి
ఆగస్టు 14

ప్రియమైన నర్గీస్,

రెండోది పెట్టింది నేనే. సింగపూర్‌లో ఓడ ఆగినప్పుడు అక్కణ్నుంచే ఇంటర్నెట్ ద్వారా సర్వర్‌లోకి వచ్చి పెట్టాను. మా తోటి ఇంజనీరు ఇంట్లో ఏదో వైరస్ ఫైళ్లన్నిటికీ తాళం వేసేసిందని విన్నాను. ఆ రోజు నుంచి మనసు నిలవలేదు. దూరంగా ఉన్నవాడికి తలుపుకి ఇంకో తాళం వేయాలనే ఉంటుంది. చెబితే నువ్వు భయపడతావనుకున్నాను.

అయినా నా మాట విను. స్కాన్ పెట్టు. కాపీ వద్దు.

నీ ఆసిమ్

*

వన్‌టౌన్
ఆగస్టు 21

ప్రియమైన ఆసిమ్ గారికి,

మీ ఉత్తరం వచ్చేసరికే మీరు వద్దన్న పని చేసేశాను. ఏమీ లేని ఖాళీ డిస్క్ తెచ్చి తగిలించాను. వైరస్ ఉంటే ఆ డిస్క్ ఒక్కటే పోతుందనుకున్నాను. మొదట సన్యాసమ్మ అడిగిన ఫోటో. రెండుసార్లు రాలేదు, మూడోసారి తెరుచుకుంది. తర్వాత మిగతావి. మర్నాడు మధ్యాహ్నానికి సర్వర్‌లోని డిస్క్ పూర్తిగా ఆగిపోయింది. నాలుగో వంతు ఫోటోలు దక్కలేదు. మన పెళ్లివి కూడా వాటిలోనే ఉన్నాయి.

గవర్రాజు గారు వచ్చి చూశారు. వైరస్ లేదు. డిస్క్ అరిగిపోయి జవాబివ్వకపోవడం వల్లే మిషన్ ఆగలేకపోయిందట. రెండు యాంటీవైరస్‌లు దాని పని ఇంకా పెంచాయట. మీరు నన్ను భయపెట్టకూడదని దాచారు. నాకు ఎక్కువ భయం వేసింది దానివల్లే. ఇకమీద ఏం చేసినా నాతో చెప్పి చేయండి.

ఆ ఫోటోలో తల్లీకొడుకులిద్దరూ ఉన్నారు. చంటి ముఖం ఒక్కటే కత్తిరించి బోట్లవాళ్లకి పంపుతానన్నాను. సన్యాసమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను తీసీకు తల్లీ. ఆడికి మతి తప్పీసినా, పక్కన నానుంటే పోల్సుకుంటాడు."

అలాగే పంపాను. బోటు నడిపే తవిటయ్య తన ఫోన్‌లో ఆ ఫోటో పెట్టుకుని ఒడిశా వైపు వెళ్లాడు. గోపాలపూర్ దగ్గర ఒక ఆసుపత్రిలో, జాలర్లు సముద్రంలోంచి తెచ్చిన మనిషి ఒకడున్నాడని తెలిసింది. ఎండకి చర్మమంతా ఊడిపోయి, గడ్డం పెరిగి, చంటిని ఎరిగిన తవిటయ్య కూడా గుర్తుపట్టలేకపోయాడట. పేరడిగితే ఆ మనిషి పలకలేదట. ఫోన్ అతని ముందు పెట్టాడట.

ఫోటోలో తన ముఖం వైపు అతను చూడనే లేదట. వేలు తీసుకెళ్లి సన్యాసమ్మ ముఖం మీద పెట్టి, "అమ్మ" అన్నాడట.

మీ నర్గీస్