అర్జీలో మావాడి మాట

రేడియో క్లబ్బు సెక్రటరీ గారికి, పోయిన పిల్లవాడి తల్లి దండం పెట్టి రాసేది.

సొంతంగా రేడియోలో మాట్లాడుకునే లైసెన్సుకి, అక్షరాలని టకటకలుగా కొట్టే ఆ మోర్సు పరీక్ష తీసెయ్యమని మీరు ప్రభుత్వానికి పంపే అర్జీ మీ మనిషి నా సంతకం కోసం తెచ్చి చదివి వినిపించాడు. మావాడు ఆ పరీక్ష మళ్లీ మళ్లీ తప్పి, ఆ దిగులుతోనే పోయాడని అందులో ఉంది. అయ్యా, వాడు పోయింది జ్వరంతో.

తప్పిన మాట నిజమే. తప్పినప్పుడల్లా ఇంటికొచ్చి ఆ పరీక్షని తిట్టిపోసేవాడు, అన్నం తిని మళ్లీ బల్ల దగ్గర కూర్చునేవాడు. సబ్బు కాగితం మీది ఇంగ్లీషు అక్షరాలు నేను కూడబలుక్కుని చెబితే వాడు వాటిని చెంచాతో బల్ల మీద టకటకా కొట్టేవాడు.

"నువ్వింత మెల్లగా చెబితే నేను ముసలాణ్ణయ్యాకే పాసవుతానమ్మా!" అనేవాడు.

"నువ్వు పాసైపోతే నాకేం పనుంటుందిరా, నిదానంగానే కానీ" అనేదాన్ని.

ఎదిగిన కొడుకు తల్లి దగ్గర అంతసేపు ఎక్కడ కూర్చుంటాడు చెప్పండి?

పరీక్ష ఉంచినా తీసేసినా మీ ఇష్టం. తీసేస్తే మిగతా పిల్లలకి సుఖమేనేమో. వాదించే ఓపిక నాకు లేదు. దిగులుతో పోయాడన్న మాట కొట్టేసి, నేర్చుకుంటూ ఉండగా పోయాడని రాయండి. అప్పుడు సంతకం పెడతాను.